ఎం340ఐ మైలేజీ ఎంత అని అడిగేవారికి

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బరువైన సెడాన్‌ను సిగ్నల్ దగ్గర పూర్తిగా ఆపిన ప్రతిసారీ సుమారు మూడు రూపాయల పెట్రోలు బ్రేకుల్లో వేడిగా మారిపోతుంది. హైస్కూలు భౌతికశాస్త్రంతోనే తేలే లెక్క ఇది. నేను నడిపే బీఎండబ్ల్యూ ఎం340ఐ ఎక్స్‌డ్రైవ్ (నాలుగు చక్రాలకూ శక్తి పంపే తన ఏర్పాటుకు బీఎండబ్ల్యూ పెట్టుకున్న పేరే ఎక్స్‌డ్రైవ్) నడిపే మనిషితో కలిపి 1,750 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. ఆ బరువుకు ఆ వేగంలో ఉండే గతిశక్తి సుమారు 240 కిలోజౌళ్ళు. లీటరు పెట్రోలులో 32 మెగాజౌళ్ళ దాకా శక్తి ఉన్నా, ఊళ్ళో నడిచే ఇంజన్ అందులో పావు వంతుకు మించి చక్రాలకు చేర్చలేదు కాబట్టి, ఆ వేగాన్ని కూడగట్టడానికి 30 మిల్లీలీటర్లు ఖర్చవుతాయి. లీటరు 107 రూపాయల చొప్పున లెక్కిస్తే మూడు రూపాయల పైచిలుకు. జేఎన్‌టీయూ నుంచి సైబర్ టవర్స్, మైండ్‌స్పేస్, బయోడైవర్సిటీ, గచ్చిబౌలి మీదుగా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ చేరేలోగా ఎన్నిసార్లు ఆగుతామో ఆ దారిలో తిరిగేవారికి నేను చెప్పనక్కర్లేదు.

ఈ కారు గురించి నన్ను ఎవరు కదిపినా మొదటి ప్రశ్న మైలేజీ గురించే. ఆ ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పడం నేను మానేశాను. ఒక్క అంకె చెబితే అడిగినవారికి తప్పు చిత్రం అందుతుంది. ఆ చిత్రాన్ని నమ్మి కొందరు కొనకూడని కారు కొంటారు, కొందరు కొనదగిన కారును వదులుకుంటారు, ఇంకొందరు కొని కూడా సెల్లార్‌లో కవరు కప్పి ఉంచుతారు. నాలుగు చక్రాలకూ శక్తినందించే ఇలాంటి వేగవంతమైన సెడాన్ విషయంలో పెట్రోలు ఖర్చు కళ్ళకు బాగా కనబడే ఖర్చే గాని పెద్ద ఖర్చు కాదనీ, నాలుగు చక్రాల నడక మనదగ్గర వసూలు చేసే సొమ్ము పెట్రోలు బంకులో కన్నా టైర్ల దుకాణంలో ఎక్కువనీ నా వాదన. దాన్ని లెక్కలతోనే నిలబెట్టాలి.

ముందు కంపెనీ చెప్పే అంకె. మన దేశంలో ఈ కారుకు ప్రకటించిన మైలేజీ లీటరుకు సుమారు 13 కిలోమీటర్లు. ఆ అంకె మన ప్రయోగశాలల్లో భారతీయ పరీక్షా పద్ధతి ప్రకారం రోలర్ల మీద కారును నడిపి తీసినది. ఆ పరీక్షలో గరిష్ఠ వేగం 90 కిలోమీటర్లు. ఏసీ ఆపేసి ఉంటుంది. మే నెలలో మియాపూర్ నుంచి పంజాగుట్టకు ఏసీ లేకుండా వెళ్ళే మనిషి ఎవరూ ఉండరు. అమెరికా ప్రభుత్వ సంస్థ ఈపీఏ ఇదే కారుకు ఇచ్చిన అంకెలు నాకు మరింత నమ్మదగినవిగా తోస్తాయి: ఊళ్ళో గ్యాలనుకు 22 మైళ్ళు, హైవే మీద 30, రెండూ కలిపి 25. మన కొలతలోకి మారిస్తే వరసగా లీటరుకు 9.4, 12.8, 10.6 కిలోమీటర్లు. హైవే అంకె మన ఔటర్ రింగ్ రోడ్డు మీద అచ్చంగా కుదురుతుంది. ఊరి అంకె మాత్రం కుదరదు. హైదరాబాదు సాయంత్రపు రద్దీలో నా కారు లీటరుకు ఆరు, ఆరున్నర కిలోమీటర్ల దగ్గరే ఉంటుంది. ఆదివారం ఉదయం ఖాళీ రోడ్ల మీద తొమ్మిది దాటుతుంది. నేను డాష్‌బోర్డు చూపే అంకెను కాక, ట్యాంకు నిండా కొట్టించి, మళ్ళీ నిండా కొట్టించినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన దూరాన్ని భాగించి చూస్తాను. డాష్‌బోర్డు అంకె కాస్త ఉదారంగానే ఉంటుంది.

రద్దీలో మైలేజీ ఇంతగా పడిపోవడానికి బ్రేకులు ఒక కారణమైతే, ఆగి ఉన్నప్పుడు తిరిగే ఇంజన్ రెండోది. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్ ఏసీతో సహా ఊరికే తిరిగినా గంటకు లీటరు పైనే తాగుతుంది. పదిహేను కిలోమీటర్ల దూరానికి గంట పట్టి, అందులో పాతిక నిమిషాలు నిలబడే గడిస్తే, ఒక్క అంగుళం కదలకుండానే అర లీటరు అయిపోతుంది. ఆ ప్రయాణానికి మొత్తం పట్టేది రెండున్నర లీటర్లు అనుకుంటే, అందులో ఐదో వంతు నిలబడి తాగినదే. సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతట అదే ఆగే సదుపాయం ఉన్నా, మన ఎండల్లో ఏసీ చల్లదనం నిలబెట్టడానికి అది కాసేపటికే మళ్ళీ మొదలవుతుంది. ఈ కారులో ఉన్న 48 వోల్టుల చిన్న హైబ్రిడ్ ఏర్పాటు బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిలో కొంత వెనక్కు పట్టుకుంటుంది గాని, దాని బ్యాటరీ చాలా చిన్నది. అది ఇంజన్‌కు తోడు నిలుస్తుందే తప్ప ఇంజన్ పని తాను చేయలేదు.

ఇక్కడ ఒక పక్కమాట. లీటరుకు ఇన్ని కిలోమీటర్లు అని కొలిచే మన అలవాటే లెక్కను తప్పుదారి పట్టిస్తుంది. లీటరుకు 14 ఇచ్చే కారును వదిలి 20 ఇచ్చే కారుకు మారితే ఆరు కిలోమీటర్ల లాభం కనబడుతుంది; అదే 6 నుంచి 8కి పెరిగితే రెండే కనబడుతుంది. కానీ వెయ్యి కిలోమీటర్ల ప్రయాణానికి మొదటివారికి మిగిలేది 21 లీటర్లు, రెండోవారికి మిగిలేది 42 లీటర్లు. యూరప్ దేశాల్లో వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని కొలుస్తారు, అది సరైన పద్ధతి. మనదగ్గర కిలోమీటరుకు ఎన్ని రూపాయలు అని కొలిస్తే ఇంకా సూటిగా ఉంటుంది. నా కారుకు సాయంత్రపు రద్దీలో కిలోమీటరుకు 17 రూపాయలు, ఔటర్ మీద నిలకడగా వెళ్తే 8 రూపాయలు. ఒకే కారు, ఒకే మనిషి, ఒకే పెట్రోలు; ఖర్చు మాత్రం రెండింతలు. ఈ రెంటినీ సగటు చేసి చెప్పే అంకె ఏ ప్రయాణానికీ సరిపోదు.

ఔటర్ మీద కూడా వేగాన్ని బట్టి లెక్క మారుతుంది. 2023లో ఔటర్ మీద లోపలి వరసల్లో వేగ పరిమితిని 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. గాలి నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది గనుక, 100 దగ్గర ఉన్నదానికంటే 120 దగ్గర గాలి 44 శాతం ఎక్కువ బలంగా వెనక్కు నెడుతుంది. 90 దగ్గర పద్నాలుగు దాకా ఇచ్చే కారు 120 దగ్గర పదకొండుకు దిగుతుంది. చట్టం అనుమతించిన వేగమే అయినా, నార్సింగి నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్ళేటప్పుడు అంత వేగంతో వెళ్ళి ఆదా అయ్యేది నాలుగైదు నిమిషాలకు మించదు.

ఇప్పుడు అసలు ఆరోపణకు వద్దాం. నాలుగు చక్రాలకూ శక్తి పంపడం వల్లే ఇలాంటి కార్లు పెట్రోలు తాగుతాయని చాలామంది అనుకుంటారు. ఈ ఏర్పాటు వల్ల కారు బరువు యాభై, అరవై కిలోలు పెరుగుతుంది. 1,750 కిలోలలో అది మూడు శాతం చిల్లర. అదనంగా తిరిగే ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె), ముందు చక్రాలకు వెళ్ళే షాఫ్టు, ముందు డిఫరెన్షియల్ (ఆ శక్తిని కుడి, ఎడమ చక్రాలకు పంచే గేర్ల అమరిక) వల్ల కొంత ఘర్షణ చేరుతుంది. ఎక్స్‌డ్రైవ్‌లో మామూలు సమయంలో శక్తిలో పెద్ద భాగం వెనక చక్రాలకే వెళ్తుంది. పట్టు తగ్గే సూచన కనబడిన క్షణంలో ట్రాన్స్‌ఫర్ కేస్‌లోని పలకల క్లచ్ బిగిసి ముందు చక్రాలకు వాటా పంపుతుంది. ఇవన్నీ కలిపినా ఊళ్ళో మైలేజీ లీటరుకు అర కిలోమీటరు దాకా తగ్గుతుందేమో గాని, పదమూడును ఆరు చేసే శక్తి వీటికి లేదు.

దీనికి ఒక మంచి నిదర్శనం మన దేశంలో అమ్మని సుబారు కార్లలో దొరుకుతుంది. 2015 నాటి సుబారు డబ్ల్యూఆర్ఎక్స్, దాని అన్న అనదగిన డబ్ల్యూఆర్ఎక్స్ ఎస్‌టీఐ రెండూ ఒకే ఆకృతి మీద కట్టిన సెడాన్లు, రెండింటిలోనూ నాలుగు చక్రాలకూ శక్తి నిరంతరం వెళ్తుంది. అయినా గేర్లు చేత్తో మార్చే డబ్ల్యూఆర్ఎక్స్‌కు ఈపీఏ ఇచ్చిన ఉమ్మడి అంకె గ్యాలనుకు 24 మైళ్ళు, ఎస్‌టీఐకి 19. మన లెక్కలో 10.2, 8.1. నాలుగు చక్రాల నడకే దోషి అయితే ఈ రెంటికీ ఇంత తేడా ఉండకూడదు. తేడా అంతా పాత రెండున్నర లీటర్ల ఇంజన్‌దీ, దగ్గర దగ్గరగా కూర్చిన గేర్లదీ. చిన్నదానిలో ఉన్నది నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే కొత్త తరం రెండు లీటర్ల ఇంజన్.

పెట్రోలు సంగతి ముగించే ముందు ఇథనాల్ గురించి చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో మనకు పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. ఆ లెక్కన 10 శాతం మిశ్రమం నుంచి 20 శాతానికి మారినప్పుడు లీటరులో ఉండే శక్తి మూడున్నర శాతం దాకా తగ్గింది. ఇథనాల్‌కు ఆక్టేన్, అంటే ఒత్తిడికి ముందే మండిపోకుండా నిలిచే గుణం, ఎక్కువ కాబట్టి, ఒత్తిడి ఎక్కువగా ఉండే టర్బో ఇంజన్లు ఆ గుణాన్ని కొంత వాడుకోగలవు, నష్టంలో కొంత పూడుతుంది. ఎక్కువ ధర పెట్టి కొనే 95 ఆక్టేన్ పెట్రోలు మైలేజీ పెంచుతుందని ఆశించి పోయించుకోవడం మాత్రం దండగ. ఎండాకాలంలో బరువుగా తొక్కినప్పుడు ఇంజన్ తనను తాను కాపాడుకోవడానికి శక్తి తగ్గించుకోకుండా ఉంటుందన్నదే దాని ప్రయోజనం. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం. ఢిల్లీలో మనకన్నా 12 రూపాయలు తక్కువకు లీటరు దొరుకుతుంది. నాలుగు చక్రాల ఏర్పాటు వల్ల అయ్యే అదనపు పెట్రోలు ఖర్చు కన్నా, హైదరాబాదులో ఉండడం వల్ల అయ్యే అదనపు ఖర్చే ఎక్కువ.

టైర్ల విషయం వేరు. నాలుగు చక్రాలూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్న కారులో నాలుగు టైర్ల చుట్టుకొలతలూ ఒకే లెక్కలో ఉండాలి. కొత్త టైరు మీద ఎనిమిది మిల్లీమీటర్ల దాకా గాడి ఉంటుంది. సగం అరిగితే టైరు వ్యాసార్ధం నాలుగు మిల్లీమీటర్లు తగ్గుతుంది, అంటే చుట్టుకొలత 25 మిల్లీమీటర్లు తగ్గుతుంది. ఈ పరిమాణపు టైరు కిలోమీటరుకు 480 సార్లు పైగా తిరుగుతుంది. ఒక ఇరుసుకు కొత్త టైర్లు, రెండో ఇరుసుకు సగం అరిగినవి వేస్తే, ప్రతి కిలోమీటరుకూ ఆ రెండు ఇరుసుల లెక్కల్లో పన్నెండు మీటర్ల తేడా వస్తుంది. ఆ పన్నెండు మీటర్లను ట్రాన్స్‌ఫర్ కేస్‌లోని క్లచ్ పలకలు జారుతూ, వేడెక్కుతూ సర్దుబాటు చేయాలి. విజయవాడ దాకా వెళ్ళి రావడానికి 550 కిలోమీటర్లు అనుకుంటే, ఆరున్నర కిలోమీటర్ల జారుడు! సుబారు కంపెనీ నాలుగు టైర్ల చుట్టుకొలతల మధ్య పావు అంగుళానికి మించి తేడా ఉండకూడదంటుంది. గాడి లోతులో చెప్పాలంటే అది ఒక్క మిల్లీమీటరు.

ఈ ఒక్క మిల్లీమీటరుకు హైదరాబాదు రోడ్లతో పడదు. నల్లా పైపుల కోసం, కేబుళ్ళ కోసం తవ్వి సగం పూడ్చిన గాళ్ళు, వాన నీటి కింద కనబడని గుంతలు, మార్కింగ్ లేని స్పీడ్ బ్రేకర్లు మనకు కొత్త కావు. ఇలాంటి కార్లకు ఉండే పలచటి టైరు గుంత అంచుకు తగిలితే పక్కగోడ ఉబ్బుతుంది లేదా కోసుకుపోతుంది. పక్కగోడ దెబ్బతిన్న టైరుకు పంక్చర్ వేసి నెట్టుకురావడం కుదరదు, మార్చాల్సిందే. నాకూ అలా జరిగింది, కొండాపూర్ దగ్గర వానలో. మామూలు కారుకైతే ఒక టైరు కొని పని కానిస్తాం. దీనికి ఆ ఇరుసు మీది రెండూ మార్చాలి, మిగిలిన రెండూ బాగా అరిగి ఉంటే నాలుగూ మార్చాలి. బాగున్న టైరును పక్కన పెట్టి కొత్తది కొనడం మనవాళ్ళకు మనసొప్పని పని. అయినా అక్కడ మిగిల్చిన పాతిక వేలు రేపు ట్రాన్స్‌ఫర్ కేస్ మరమ్మతుకు లక్షల్లో తిరిగి కట్టవలసి రావచ్చు. పైగా ఈ కారులో ముందు టైర్ల వెడల్పు వేరు, వెనక టైర్ల వెడల్పు వేరు కాబట్టి, ముందువి వెనక్కు, వెనకవి ముందుకు మార్చి అరుగుదలను సమం చేసుకునే వీలు లేదు. నాలుగు టైర్ల జత లక్ష రూపాయలకు అటూ ఇటూ అవుతుంది. పాతిక వేల కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు నాలుగు రూపాయలు. మధ్యలో ఒక గుంత తగిలితే ఆరు, ఏడు. నాలుగు చక్రాల ఏర్పాటు పెట్రోలులో తీసుకునేది కిలోమీటరుకు రూపాయికి అటూ ఇటూగానే ఉంటుంది. టైర్లలో తీసుకునేది దానికి ఎన్నో రెట్లు.

సర్వీసు ఖర్చులో నాలుగు చక్రాల వల్ల చేరేది ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిలు, ముందు డిఫరెన్షియల్ ఆయిలు. ఇంజన్‌కు ఆరున్నర లీటర్ల ఆయిలు పడుతుంది. బ్రేకు ప్యాడ్లు బరువుకు, వేగానికి తగ్గట్టు త్వరగా అరుగుతాయి. ఇవి ముందుగా ఊహించగల ఖర్చులు, ఏటా కొంత పక్కన పెట్టుకుంటే సరిపోతుంది.

అన్నిటికన్నా పెద్ద ఖర్చు కారు కదలకపోయినా అయ్యేది. రోడ్డు మీదికి వచ్చేసరికి సుమారు 90 లక్షలయ్యే కారును అయిదేళ్ళు వాడి, 50 వేల కిలోమీటర్లు తిప్పి, సగం ధరకు అమ్మారనుకుందాం. పోయిన 45 లక్షలను దూరంతో భాగిస్తే కిలోమీటరుకు 90 రూపాయలు. ఇందులో లైఫ్ ట్యాక్స్ కూడా కలిసే ఉంది. తెలంగాణలో 2022 సవరణతోనే 20 లక్షలు దాటిన కార్లకు అది 18 శాతానికి చేరింది, కారు అమ్మేటప్పుడు ఆ సొమ్మును ఎవరూ వేరుగా లెక్కగట్టి ఇవ్వరు. బీమా చూస్తే, 1,500 సీసీ దాటిన కార్లకు థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 7,897 రూపాయలే గాని, సొంత నష్టానికి కట్టేది కారు విలువను బట్టి లక్షల్లోకి వెళ్తుంది. ఇంజన్‌లోకి నీరు పోతే కవరయ్యే అదనపు రక్షణ తీసుకోకుండా మన ఊళ్ళో ఇలాంటి కారు ఉంచుకోవడం ప్రమాదకరం. 2020 అక్టోబరు వరదలు చూసినవారికి సెల్లార్లలో ఎంత నీరు నిలుస్తుందో తెలుసు. ఏడాదికి లక్షన్నర బీమా కట్టి పది వేల కిలోమీటర్లు తిరిగితే కిలోమీటరుకు 15 రూపాయలు. హైవే మీద పెట్రోలు ఖర్చుకు దాదాపు రెండింతలు.

ఈ అంకెలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ కారు ఉన్నవారు పెట్రోలుకు భయపడి దూరప్రయాణాలు మానుకోవడం ఎంత అసంబద్ధమో తెలుస్తుంది. పోయే విలువ ఎలాగూ పోతూనే ఉంటుంది, బీమా ఎలాగూ కట్టవలసిందే. కారును తాళం వేసి ఉంచితే మిగిలేది కిలోమీటరుకు పెట్రోలు, టైర్లు కలిపి పన్నెండు రూపాయలు. శ్రీశైలం వెళ్ళి రావడానికి సుమారు 430 కిలోమీటర్లు. లీటరుకు 12 వచ్చినా 36 లీటర్లు, 3,850 రూపాయలు. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక నల్లమల మలుపుల్లో, వాన వెలిసిన రోడ్డు మీద, వంపు తిరుగుతూ యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ముందు చక్రాలు కారును లోపలికి లాక్కోవడం చేతులకు తెలుస్తుంది. 500 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) వెనక చక్రాలకే పోతే తడి రోడ్డు మీద అవి జారేవి. అయితే నాలుగు చక్రాలకు శక్తి వెళ్ళడం వల్ల కారు బ్రేకు వేసినప్పుడు త్వరగా ఆగదు. ఆపేవి టైర్లు, బ్రేకులు మాత్రమే. ఇది తెలియక వానలో వేగం పెంచేవారిని చూస్తే నాకు ఆందోళనగా ఉంటుంది.

రోజూ ఆఫీసుకు మాత్రం చిన్న కారులో వెళ్ళడమే మేలు. రద్దీలో లీటరుకు 14 ఇచ్చే హ్యాచ్‌బ్యాక్‌కూ దీనికీ కిలోమీటరుకు తొమ్మిది రూపాయల తేడా. రోజుకు 30 కిలోమీటర్లకు 270 రూపాయలు. ఆ రద్దీలో ఈ కారు ఇచ్చే ఆనందం ఏమీ లేదు, గుంతల ప్రమాదం మాత్రం ఉంది. వేగమూ కావాలి, ఊళ్ళో ఖర్చూ తగ్గాలి అనేవారు విద్యుత్ సెడాన్లను చూడాలి. 2024 మార్చిలో 53 లక్షల ఎక్స్-షోరూమ్ ధరకు వచ్చిన బీవైడీ సీల్ పెర్ఫార్మెన్స్‌లో రెండు మోటార్లు, నాలుగు చక్రాల నడక, 82.56 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉన్నాయి. యూనిట్‌కు అయిదు కిలోమీటర్లు వచ్చి, ఇంట్లో యూనిట్ పది రూపాయలు పడినా కిలోమీటరుకు రెండు రూపాయలే. పైగా రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషన్ రుసుమును 2026 చివరిదాకా మినహాయించింది. సిగ్నల్ దగ్గర నేను వేడిగా పోగొట్టే మూడు రూపాయల్లో చాలా భాగాన్ని ఆ కారు తిరిగి బ్యాటరీలో వేసుకుంటుంది. ఆరు సిలిండర్ల ఇంజన్ నున్నగా పైకి లేచే తీరు మీద ఇష్టం లేకపోతే, నా లెక్కలన్నీ ఆ వైపే చూపుతాయి. నాకు ఆ ఇష్టం ఉంది, దానికి ధర కడుతున్నానని తెలిసే కడుతున్నాను.

ఇలాంటి కారును సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవాలనుకునేవారు, తొలి యజమాని అప్పటికే తరుగుదలలో పెద్ద భాగం భరించి ఉంటాడు గనుక, లెక్క ప్రకారం మంచి ఆలోచనే చేస్తున్నారు. చూడటానికి వెళ్ళేటప్పుడు గాడి లోతు కొలిచే చిన్న గేజీ ఒకటి వెంట తీసుకెళ్ళండి. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవో, ఒకే నమూనావో చూడండి, నాలుగింటి లోతూ లోపలి అంచున, బయటి అంచున కొలవండి. ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిలు ఎప్పుడు మార్చారో సర్వీసు కాగితాల్లో చూపమనండి. తర్వాత ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడపండి. కారు పట్టేసినట్లు కుదుపుతూ కదిలితే ఆ బేరం అక్కడే వదిలేయండి. బీమా కొటేషన్ అడ్వాన్సు ఇవ్వకముందే తెప్పించుకోండి.